ఊరు గడిలో ఏం రాయాలి?

డిసెంబరు 25, గురువారం, రాత్రి
కొండాపురం మండలం, కడప జిల్లా

అందరూ పడుకున్నారు. చర్చి పక్కగదిలో ఆడవాళ్లమంతా వరసగా చాపలు వేసుకున్నాం. గదికంతా ఒకటే ప్లగ్గు, ఫోన్లు వంతులవారీగా చార్జింగ్ పెట్టుకుంటున్నాం. నా వంతు ఇప్పుడొచ్చింది. గోడకానుకుని కూర్చుని రాస్తున్నాను. పొద్దుటి నుంచి మనసులో తిరుగుతున్నదంతా రాసుకుంటే గానీ నిద్ర పట్టేలా లేదు.

ఇంటికి దూరంగా ఇంతకుముందెప్పుడూ క్రిస్మస్ చేసుకోలేదు. ఒంగోలులో మా ఇంట్లో పండుగంటే ఇరవై నాలుగో తేదీ పొద్దుట మొదలవుతుంది. అమ్మ అరిసెల పాకం పడుతుంటే ఎవరం వంటింట్లోకి వెళ్లకూడదు. సాయంత్రానికి తమ్ముడు డాబా మీద నక్షత్రం కడతాడు. మాది బాప్తిస్టు కుటుంబం. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో అమెరికన్ బాప్తిస్టు మిషనరీ క్లౌ దొర కొంత పని కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించిన సంగతి, ఆ తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న సంగతి మా సండే స్కూలు పిల్లలందరికీ కంఠతా వచ్చు. మా పెద్దవాళ్లు ఆ గుంపులో ఉన్నారని ఇంట్లో చెప్పుకుంటారు. ఆ ఇల్లు, ఆ చర్చి, ఆ బెంచీ వదిలి పండుగ రోజున ఇంకోచోట ఉండటం నాకు సులువు కాలేదు. నిన్న రాత్రి క్యారల్స్‌కి తిరుగుతున్నప్పుడు కూడా మధ్యమధ్య గొంతు పట్టేసింది.

మా సంఘం నుంచి ప్రతి డిసెంబరులో ఒక బృందం ఎక్కడికో ఒకచోటికి మిషన్ ట్రిప్ వెళ్తుంది. దుప్పట్లు పంచడం, పిల్లలకు పాటలు, నాటిక, వీలైతే బీపీ, షుగరు చూసే క్యాంపు. నేను పనిచేసేది మిషన్ బడి కాబట్టి క్రిస్మస్ సెలవులు దొరికాయి. ఈసారి ఈ పునరావాస కాలనీకి వచ్చాం. గండికోట దగ్గర పెన్నకు కట్టిన జలాశయంలో మునిగిన ఊళ్లలో ఒక ఊరివాళ్లు ఇక్కడున్నారు. ఆ జలాశయం పూర్తి సామర్థ్యం 26.85 టీఎంసీలు. అవుకు జలాశయం మీదుగా వచ్చే శ్రీశైలం నీళ్లు అక్కడ నిలుస్తాయి. అక్కణ్నుంచి పులివెందుల వైపు పొలాలకూ వెళ్తాయి. 2020లో నీటిమట్టం పెంచినప్పుడు కొండాపురం మండలంలో ఊళ్లకు ఊళ్లే కదిలాయి. ఎండిన సీమకు నీళ్లు రావడం ఎంత అవసరమో ఈ కాలనీ వాళ్లే ఎక్కువ చెబుతారు. చీనీ తోటల్లో కూలికి వెళ్లేవాళ్లు, శనగ వేసుకునేవాళ్లు వీళ్లు. నీళ్ల విలువ నేను వీళ్లకు చెప్పేది కాదు. అయినా ఆ నీళ్ల కింద ఉన్నది వీళ్ల ఊరు.

ఈ చర్చి గురించి రాయాలి. బయటినుంచి చూస్తే రేకుల షెడ్డు. లోపల మాత్రం నేల అంతా నల్లటి నాపరాళ్లు, నున్నగా అరిగిపోయి, దీపం పెడితే మెరిసేలా ఉన్నాయి. కొత్త షెడ్డుకు ఇంత పాత రాయి ఎలా వచ్చిందని సంఘ పెద్దను అడిగాను. ఊరు ఖాళీ చేసేటప్పుడు పాత చర్చిలోని బండలన్నీ పెకలించి ట్రాక్టర్ల మీద తెచ్చుకున్నారట. ఊరికే తేలేదు. ఒక్కో బండ మీద సున్నంతో నంబరు వేసి, ఇక్కడ మళ్లీ అదే వరసలో పరిచారు. సున్నం ఎప్పుడో చెరిగిపోయింది గానీ, ఒక మూల బండ మీద పెయింటుతో వేసిన అంకె ఇంకా కనిపిస్తోంది. ఇలా చేయాలని ఎవరికి తోచిందో అడిగితే, "తోచడానికేముంది టీచరమ్మా, మా జేజి బండ మా జేజికి కావాల గదా" అన్నాడాయన. జేజి అంటే ఇక్కడ నాయనమ్మ. నిజంగానే ఇక్కడ ఎవరి బండ వాళ్లది. తెల్లవారుజామున ఆరాధనకు నేను ముందే వెళ్లి ఒకచోట కూర్చుంటే, ఒక పెద్దావిడ వచ్చి నా పక్కనే నిలబడింది. ఏమీ అనలేదు. పక్కనున్న పిల్ల నా చెయ్యి లాగి, "అక్కా, అది జేజి బండ" అంది. నేను జరిగాను. జేజి కూర్చుని నా తల మీద చెయ్యి వేసి "బాగుండు తల్లీ" అని దీవించింది.

నాలుగున్నరకు ఆరాధన మొదలైంది. చలి గట్టిగా ఉంది. మగవాళ్లు తువ్వాళ్లు చెవులకు చుట్టుకుని, ఆడవాళ్లు కొత్త చీరెల మీద శాలువలు కప్పుకుని వచ్చారు. ఇది సీఎస్‌ఐ సంఘం. కడప ప్రాంతంలో లండన్ మిషను 1822లో పని మొదలుపెట్టింది. 1947 సెప్టెంబరులో దక్షిణ ఇండియా సంఘం, అంటే ఈ సీఎస్‌ఐ, ఏర్పడినప్పుడు ఈ సంఘాలన్నీ అందులో కలిశాయి. అందుకని ఆరాధన క్రమం పుస్తకం చూసి పాస్టరు అయ్యగారు ఒక మాట అంటే సంఘం ఒక మాట అంటుంది. మా బాప్తిస్టు పద్ధతికి అలవాటుపడిన నాకు ఎప్పుడు లేవాలో ఎప్పుడు కూర్చోవాలో పక్కవాళ్లను చూసుకోవాల్సి వచ్చింది. జేజికి పుస్తకం అక్కర్లేదు, చదువూ రాదు. మొత్తం నోటికి వచ్చు. ఏడో తరగతి పిల్లాడొకడు లూకా సువార్త రెండో అధ్యాయం చదివాడు. ప్రజాసంఖ్య కోసం ఎవరి ఊరికి వాళ్లు వెళ్లారన్న చోట నా చూపు తెలియకుండానే జేజి మీదికి వెళ్లింది. ఆవిడ కళ్లు మూసుకుని వింటోంది.

ఆరాధన చివర ఒక చంటిబిడ్డకు బాప్తిస్మం ఇచ్చారు. మా దగ్గర చిన్నపిల్లలను ప్రతిష్ఠ చేస్తాం గానీ బాప్తిస్మం ఇవ్వం. దాని మీద మా ఇంట్లో గంటల తరబడి వాదనలు జరుగుతాయి. ఇవాళ మాత్రం నా మనసులోకి ఏ వాదనా రాలేదు. స్టీలు గిన్నెలో నీళ్లు, అవి చల్లగా ఉంటాయని వేడినీళ్లు కాస్త కలిపిన పాస్టరమ్మ, తెల్ల బట్టలో చుట్టిన పిల్లాడు, వాణ్ని ఎత్తుకుని చేతులు వణుకుతున్న తాత. తలమీద నీళ్లు పడగానే వాడు ఏడుపు అందుకున్నాడు. సంఘమంతా నవ్వింది.

ఆ తర్వాత రిజిస్టరు తీశారు. నా చేతిరాత బాగుంటుందని మా బృందంలో ఎవరో అయ్యగారి చెవిన వేసినట్టున్నారు. "టీచరమ్మా, మీరే రాయండి. అట్లే పాత పేజీలు కూడా చూడండి, చేతిలో పట్టుకుంటే రాలిపోతాండాయి" అని పెద్ద పుస్తకం నా ముందు పెట్టారు. అట్ట ఊడిపోయింది, దారాలు తెగిపోయాయి. ఊరు మారేటప్పుడు తడిసి, మధ్య పేజీలు అంటుకుపోయాయి. మొదటి పేజీల్లో గడుల పేర్లు ఇంగ్లిషులో అచ్చయి ఉన్నాయి. తర్వాత చేత్తో గీసిన గడులు. బిడ్డ పేరు, పుట్టిన తేదీ, బాప్తిస్మం తేదీ, తల్లిదండ్రుల పేర్లు, ఊరు, వృత్తి, జ్ఞాన తల్లిదండ్రులు, గురువు సంతకం. వృత్తి గడిలో పేజీల తరబడి "కూలి", "కూలి", "జీతగాడు", "కూలి". ఊరు గడిలో పైన ఒకసారి ఊరి పేరు రాసి, కింద అన్ని వరసల్లోనూ "డిటో" అన్నట్టు రెండు చుక్కలు. వందలకొద్దీ ఆ చుక్కలు.

ఇవాళ్టి బిడ్డ పేరు రాశాను. తేదీలు రాశాను. ఊరు గడి దగ్గర కలం ఆగింది. "ఏం రాయను?" అని అడిగాను.

"మన ఊరే" అన్నాడు తాత. "మా నాయన కాడ ఆ ఊరే ఉండాది, నా కాడ ఆ ఊరే, నా కొడుకు కాడ ఆ ఊరే. వీని కాడ మాత్రం వేరేది ఎందుకుండాల?"

బిడ్డ తల్లి తాడిపత్రి పిల్ల. పెళ్లయి నేరుగా ఈ కాలనీకే వచ్చింది. పిల్లాణ్ని భుజాన వేసుకుని ఊపుతూ, మెల్లగా అంది. "ఆ ఊర్లో యాడ ఉండాం మామా మనం? వీడు ఆ ఊరు కంటితో సూడనే లేదు. రేపు బడిలో ఏసేటప్పుడు ఆధార్‌లో ఒకటి, ఈడ ఒకటి ఉంటే నేనే గదా తిరగాల్సింది."

ఎవరూ గొంతు పెంచలేదు గానీ చర్చిలో ఉన్నవాళ్లందరికీ అది తమ విషయమే అయిపోయింది. చదువుకున్న కుర్రాళ్లు ఆ అమ్మాయి వైపు. పెద్దవాళ్లు తాత వైపు. ఒకాయన, "ఆ పేరు పుస్తకంలో కూడా లేకపోతే ఇంక యాడుంటాది?" అన్నాడు. నాకు ఆ అమ్మాయి చెప్పిందే సరి అనిపించింది. ఆ గడి ఉన్నది బిడ్డ కాపురముండే చోటు రాయడానికి. రేపు దానితో పని పడేది వాడికి. కానీ ఆ తాతకు ఆ మాట చెప్పడానికి నాకేం హక్కుంది? నేను ఇంకో కొన్ని రోజులకు మా ఒంగోలు బస్సెక్కుతాను. అమ్మ తలుపు తీస్తుంది. ఇంటికి దూరంగా ఉన్నానని నిన్నంతా దిగులుపడ్డాను, ఇంత ఇల్లు నా వెనకాల పెట్టుకుని. ఆయన వెళ్లాలనుకుంటే వెళ్లడానికి నీళ్లు తప్ప ఏమీ లేవు.

అయ్యగారు ఆలోచిస్తుంటే నేను పాత పేజీలు తిప్పుతూ కూర్చున్నాను. 1952 దగ్గర ఆగాను. అది సీమలో గంజి కేంద్రాలు పెట్టిన కరువు కాలం. ఆ ఏడాది పేజీల్లో మార్జిన్‌లో, గడుల బయట, సన్నటి చేతిరాతతో కొన్ని మాటలున్నాయి. ఒక కుటుంబం పక్కన "కరువుచే బళ్లారి పోయిరి". ఇంకొకరి పక్కన "రెండేండ్లకు తిరిగి వచ్చిరి". ఆ రాసిన ఉపదేశి ఎవరో గానీ ప్రతి కుటుంబం ఎటు వెళ్లిందో, వచ్చిందో రాలేదో పట్టుదలగా రాసిపెట్టాడు. గడిలో పట్టనిదంతా మార్జిన్‌లో పెట్టాడు. ఆ పేజీ అయ్యగారికి చూపించాను. ఆయన చదివి, లేచి వెళ్లి తాత ముందు పెట్టి, వేలితో చూపిస్తూ ఒక్కొక్కటీ పైకి చదివారు. మూడో పేరు చదివేసరికి తాత "అది మా పెదనాయన" అన్నాడు. పుస్తకం మీదికి వంగి, చదవడం రాకపోయినా ఆ అక్షరాల మీద చెయ్యి పెట్టి చాలాసేపు అట్లాగే ఉన్నాడు.

ఊరు గడిలో కాలనీ పేరు రాశాను. మార్జిన్‌లో, అయ్యగారు చెబుతుంటే, పాత ఊరి పేరు, "గండికోట ముంపుచే ఇక్కడికి వచ్చిరి" అని రాశాను. తాత సాక్షిగా వేలిముద్ర వేశాడు. బిడ్డ తల్లి సంతకం పెట్టి, "ఇట్లయితే ఇద్దరిదీ అయింది" అంది.

మధ్యాహ్నం భోజనాలు. జొన్నరొట్టెలు, మటన్, అన్నం, ఓళిగలు. ఓళిగలు చేయడానికి రాత్రి నేనూ కూర్చున్నాను, నాకు పూర్ణం ఉండలు చేయడం వరకే అప్పగించారు. భోజనాలయ్యాక మా వాళ్లు పిల్లలతో ఆటలు ఆడించారు, దుప్పట్లు పంచారు. అవి ఎప్పుడూ ఉండేవే.

నేను మాత్రం సాయంత్రం దాకా రిజిస్టరు ముందే ఉన్నాను. కొత్త పుస్తకంలోకి ఎక్కించడం మొదలుపెట్టాను. జేజి వచ్చి పక్కన కూర్చుంది. చదివి వినిపించమంది. పేర్లు చదువుతుంటే ఒక్కొక్కరి గురించి చెబుతూ పోయింది. ఎవరు జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆసుపత్రిలో కాన్పయ్యారో, ఎవరికి గొంతు బాగుండేదో, ఎవరు కంజర కొట్టేవాళ్లో. తన పేరు వచ్చినప్పుడు, "నేనా? అంత పైన ఉండానా?" అని ఆశ్చర్యపోయింది. మరణాల పేజీలు తీయమంది. సమాధి చేసిన చోటు అని అక్కడ ఒక గడి ఉంది. వాళ్లాయన పేరు దగ్గర "చర్చి వెనుక, వేపచెట్టు కింద" అని ఉంది. అది చదివాను. "ఆ, అంతే. మార్చొద్దు" అంది. మార్చను జేజీ అన్నాను.

మిషన్ ట్రిప్ అంటే వెళ్లి వాక్యం చెప్పి, దుప్పటి ఇచ్చి, ఫొటో తీసుకుని రావడం అనుకునేవాళ్లు మా సంఘంలోనూ ఉన్నారు. వాళ్లతో నాకు పేచీ ఉంది. ఈ ఊరికి వాక్యం మాకన్నా ముందే వచ్చింది. ముత్తాతల నాడే వచ్చింది. జేజికి నోటికొచ్చినంత నాకు రాదు. వీళ్లకు ఏం కావాలో వీళ్లే చెప్పగలరు. అది చేసిపెట్టడానికి రావాలి, చేసేదాకా ఉండాలి. ఇక్కడ కావాల్సింది ఓపిగ్గా కూర్చుని రాసే మనిషి. దేవుడు నాకు మంచి చేతిరాత ఇచ్చాడు. అది ఇంత అవసరమయ్యే చోటికి తీసుకొచ్చినందుకు ఇవాళ ప్రార్థనలో ఏడ్చాను.

అమ్మ ఫోన్ చేసింది. తిన్నావా, చలికి స్వెట్టర్ వేసుకున్నావా అని అడిగింది. అరిసెలు డబ్బాలో దాచానంది. రిజిస్టరు సంగతంతా చెప్పాను. అమ్మ విని, "మరి అది అయ్యేదాకా ఉండి రా" అంది. బృందం ఆదివారం బయల్దేరుతుంది. బడి తెరిచేదాకా నేను ఉండిపోతానని మా పాస్టరుగారికి చెప్పాను, పాస్టరమ్మ తన గదిలో ఉండమన్నారు.

రేపు పొద్దుట జమ్మలమడుగు వెళ్లి నీళ్లు పడినా చెదరని ఇంకు పెన్నులు, అంటుకున్న పేజీల మధ్య పెట్టడానికి పల్చటి కాగితాలు కొనాలి. తాత కూడా వస్తానన్నాడు. మార్జిన్ కాస్త వెడల్పుగా ఉండే పుస్తకం చూసి కొనమంటున్నాడు.