బ్రేక్ హోస్‌లు మార్చాను: స్టీల్ అల్లిక వద్దనుకుని రబ్బరే ఎందుకు వేశానంటే

మా హ్యాచ్‌బ్యాక్‌లో ముందు డిస్క్ బ్రేకులు, వెనుక డ్రమ్ము బ్రేకులు. బ్రేక్ ఆయిల్‌ని స్టీల్ పైపు నుంచి చక్రం దగ్గరికి చేర్చే మెత్తని గొట్టమే హోస్. పెడల్ వదిలాక కూడా ముందు ఎడమ చక్రం బిగుసుకునే ఉండి, మిగతా వాటికన్నా బాగా వేడెక్కేది. ఇలాంటప్పుడు అందరూ మొదట కాలిపర్‌నే (డిస్క్‌ని పట్టి ఆపే భాగం) అనుమానిస్తారు. కానీ కాలిపర్ కొనేముందు హోస్‌ని పరీక్షించి తీరాలి. చక్రం లేపి, ఒకరిచేత పెడల్ నొక్కించి వదిలించాను. చక్రం తిరగలేదు. హోస్‌కు పైనున్న స్టీల్ పైపు నట్టు కాస్త వదులు చేసినా తిరగలేదు. కాలిపర్ మీద గాలి తీయడానికి ఉండే చిన్న మర, అంటే బ్లీడర్ నిపుల్ విప్పగానే ఆయిల్ చిమ్మింది, చక్రం వదులైంది. అంటే ఒత్తిడి హోస్‌ దాటి వెనక్కి రావడం లేదు. పాతబడిన రబ్బరు లోపల ఉబ్బి దారి మూసుకుపోతుంది. కాలి బలంతో ఆయిల్ ముందుకు దూసుకుపోతుంది గానీ, వెనక్కి తోసే బలం చాలా తక్కువ కాబట్టి అక్కడే నిలిచిపోతుంది. పైకి మాత్రం ఆ హోస్ మీద చిన్న పగులు కూడా లేదు.

ఒకటి పోయిందంటే మిగతావీ అదే వయసువి. అందుకే నాలుగూ మార్చాలనుకున్నాను. స్టీల్ అల్లిక హోస్‌ల ఆలోచన అప్పుడే వచ్చింది. వాటిలో లోపలి గొట్టం టెఫ్లాన్, దాని చుట్టూ స్టెయిన్‌లెస్ తీగల అల్లిక, మంచివాటికి పైన ప్లాస్టిక్ తొడుగు. ఒత్తిడికి దాదాపు ఉబ్బవు కాబట్టి పెడల్ గట్టిగా, స్పష్టంగా తగులుతుంది. ట్రాక్ మీద పదేపదే గట్టిగా బ్రేకు వేసేవారికి అది నిజంగా పనికొస్తుంది. అయితే బ్రేకింగ్ దూరం మాత్రం దీనివల్ల తగ్గదు. టైరు పట్టు ఎంతో, కారు అంతలోనే ఆగుతుంది. చాలామంది కొత్త హోస్‌ వేశాక మెచ్చుకునే ఆ గట్టి పెడల్‌లో పెద్ద వాటా కొత్త ఆయిల్‌దీ, గాలి పూర్తిగా తీయడానిదీ.

నన్ను వెనక్కి లాగింది తనిఖీ సమస్య. నా హోస్ పైకి చెప్పకపోయినా, రబ్బరు సాధారణంగా ఉబ్బి, పగిలి ముందే చెబుతుంది. స్టీల్ అల్లిక లోపలి గొట్టం మడతపడినా పైకి కనిపించదు. తొడుగు లేని అల్లికలో ఇసుక చేరితే లోపలి గొట్టాన్ని అరగదీస్తుంది. అల్లిక ఏ వైరుకో, పెయింటుకో తగిలితే దాన్నీ కోసేస్తుంది. ఏటా చక్రాలు విప్పి చూసేవారికి అది సరే. సర్వీసుకి ఇచ్చి మర్చిపోయే కారుకి కంపెనీ రబ్బరు హోసే మేలని నా గట్టి అభిప్రాయం. ఏది కొన్నా హోస్ మీద ప్రమాణ ముద్ర, తయారీ తేదీ చూడండి. అమెరికాలో అమ్మేవాటికి అక్కడి వాహన భద్రతా ప్రమాణం ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 106 ప్రకారం డాట్ (DOT) ముద్ర తప్పనిసరి. ముద్ర లేని స్టీల్ హోస్ ఎంత మెరిసినా వద్దు.

పనిలో అసలు కష్టం పైపు నట్టే. తుప్పుపట్టి ఉంటుంది. మామూలు స్పానర్ వేస్తే అంచులు అరిగిపోయి, పైపు కూడా మెలితిరుగుతుంది. తుప్పు వదిలించే ఆయిల్ ముందు రోజే కొట్టి ఉంచి, నట్టును దాదాపు చుట్టూ పట్టుకునే ఫ్లేర్ నట్ స్పానర్ వాడాలి. చాలా కార్లకు 10 ఎం.ఎం. సరిపోతుంది. కాలిపర్ దగ్గర హోస్‌ని బిగించే బోలు బోల్టు (బాంజో బోల్టు) ఉంటే, హోస్ చివరకు అటొకటి ఇటొకటి కొత్త రాగి వాషర్లు వేయాలి. పాతవి మళ్లీ వేస్తే కారే అవకాశం ఎక్కువ. బిగింపు ఎంతో మీ కారు మాన్యువల్ చూసి బిగింపు కొలిచే టార్క్ రెంచితో చేయండి. కాలిపర్‌ని హోస్ మీద వేలాడనీయకండి, తీగతో స్ప్రింగుకు కట్టండి. చివర్లో స్టీరింగ్ పూర్తిగా అటూ ఇటూ తిప్పి, చక్రం వేలాడుతున్నప్పుడూ నేల మీద ఉన్నప్పుడూ హోస్ ఎక్కడా లాగబడకుండా, మెలితిరగకుండా, టైరుకు తగలకుండా ఉందో లేదో చూడాలి.

డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్, సీలు తీయని లీటరు సీసా దగ్గర పెట్టుకున్నాను. కొత్తది కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ పీల్చాక ఆ పరిమితి 155కి పడిపోవచ్చు, అందుకే సగం వాడి దాచిన సీసా వద్దు. గాలి తీయడం ఏ చక్రంతో మొదలుపెట్టాలో మాన్యువల్ చెబుతుంది. ఆ పనిలో ట్యాంకులో ఆయిల్ కనిష్ఠ గీత కిందికి పోతే మళ్లీ గాలి చేరవచ్చు. పెయింటు మీద పడిన చుక్కను వెంటనే నీళ్లతో కడగాలి. ఇంజిన్ ఆన్‌లో పెడల్‌ని అరనిమిషం గట్టిగా తొక్కిపట్టి, ప్రతి జాయింటునూ పొడి టిష్యూతో తుడిచి చూశాకే కారు కదిపాను. మర్నాడు మళ్లీ అదే పరీక్ష చేశాను.