ఇక్కడ మేమంతా క్షేమం

ఆదివారం పొద్దున తెనాలికి వీడియో కాల్ చేసే వేళకి మా అమ్మాయి మేడమీద గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. "నానమ్మ అడుగుతోంది, ఒక్క నిమిషం కనిపించి వెళ్ళు" అంటే లోపల్నించే, "నాన్న ఆఫీసు ఎలా ఉందని అడుగుతుంది. నేను అబద్ధం చెప్పను" అంది. ఫోను నా చేతిలోనే ఉంది. మ్యూట్‌లో పెట్టానో లేదోనని గుండె జారిపోయింది. పెట్టాను.

నా ఉద్యోగం పోయి అప్పటికి పదకొండు వారాలు. అమ్మకి తెలియదు. బీపీ మనిషి, ఒక్కతే ఉంటుంది, చెప్పి టెన్షన్ పెట్టడం ఎందుకని మా ఆవిడా నేనూ అనుకున్నాం. నిజానికి అనుకున్నది నేను. ఆవిడ ఊరుకుంది.

ఈ పట్టుదల పిల్లకి ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. ఈ పరాయిదేశపు బడిలో ఇయర్ నైన్, అంటే దాదాపు మన ఎనిమిదో తరగతి, చరిత్ర పాఠం. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సులో బ్రిటిష్, ఫ్రెంచి సైన్యాలు జర్మన్లమీద చేసిన సోమ్ యుద్ధం తొలిరోజు గురించి పత్రికలు ఏం రాశాయి, కందకాల్లో ఉన్నవాళ్ళు ఏం చూశారు, పోల్చి రాయమన్నారు. పనిలేని తండ్రికి హోంవర్కు చేయించే తీరిక బోలెడు కాబట్టి నేనే పక్కన కూర్చున్నాను. చరిత్రలో నేను ఎప్పుడూ అత్తెసరు మార్కులవాణ్ణే, అయినా కూర్చున్నాను.

1916 జులై 1. అంతకుముందు వారం రోజులు పదిహేను లక్షల గుండ్లు కురిపించారు. జర్మన్ల ముళ్ళకంచెలు తునకలైపోయి ఉంటాయని పైవాళ్ళ లెక్క. చాలాచోట్ల కంచె కంచెలాగే ఉంది. వీపుమీద బరువుతో నడిచివెళ్ళినవాళ్ళు మరతుపాకుల ముందు ఆ కంచె దగ్గరే ఆగిపోయారు. ఆ ఒక్కరోజులో బ్రిటిష్ సైన్యంలో చనిపోయినవాళ్ళు 19,240 మంది. గాయపడినవాళ్ళు, గల్లంతైనవాళ్ళు కలిస్తే 57,470. సోమవారం నాటి డైలీ క్రానికల్‌లో మాత్రం, ఇంగ్లండుకీ ఫ్రాన్సుకీ మొత్తమ్మీద అది మంచిరోజేనని విలేకరి ఫిలిప్ గిబ్స్ రాశాడు.

పాప అది రెండుసార్లు చదివి, "నానమ్మకి నువ్వు చెప్పేదీ ఇలాగే ఉంటుంది కదా నాన్నా" అంది.

నేను ఆ విలేకరుల తరఫున వకాల్తా పుచ్చుకున్నాను. ఎవరి తరఫునో మీకు అర్థమయ్యే ఉంటుంది. సైన్యం వెంట ఉండనిచ్చింది గుప్పెడుమందినే. పక్కనే అధికారులు. రాసిన ప్రతి ముక్కా సెన్సారు చూశాకే లండన్ చేరాలి. ఇంట్లో కొడుకుల కోసం ఎదురుచూసే తల్లులకి ఉన్నదున్నట్టు ఎలా చెబుతారు? డైలీ మెయిల్ విలేకరి విలియం బీచ్ థామస్ సంగతి కూడా చూపించాను. కందకాల్లో సైనికులే అచ్చేసుకున్న 'వైపర్స్ టైమ్స్' అతన్ని 'టీచ్ బోమాస్' అని పేరు తిరగేసి ఏడిపించింది. (బెల్జియంలోని ఈప్ర అనే ఊరిపేరు ఆ బ్రిటిష్ సైనికుల నోట వైపర్స్ అయింది. మా ఇంటిపేరు ఇక్కడివాళ్ళ నోట ఏమవుతుందో చూశాక నాకు ఆశ్చర్యం వేయలేదు.) యుద్ధమయ్యాక అతనే, ఆ రోజుల్లో రాసినదానికి సిగ్గుపడ్డానని, అది నిజం కాకపోవడమే కారణమని ఒప్పుకున్నాడు. "చూశావా, పాపం వాళ్ళకి వేరే దారి లేదు" అన్నాను.

"మరి నీకు సెన్సారు ఎవరు?" అంది.

ఉగాది సభలో మైకు పట్టుకుని, పిల్లల ముందు అబద్ధమాడకండి, వాళ్ళు మన మాట వినరు, మన పని చూసి నేర్చుకుంటారు అని పావుగంట ఉపన్యాసం ఇచ్చింది నేనే. చప్పట్లు కూడా కొట్టారు.

ఆ హోంవర్కు కాగితాల్లో నన్ను పట్టుకున్నది మాత్రం ఒక చిన్న పోస్టుకార్డు. సైనికులు ఇంటికి పంపడానికి అచ్చువేసి ఇచ్చింది. నేను క్షేమం. నన్ను ఆస్పత్రిలో చేర్చారు, కోలుకుంటున్నాను. మీ ఉత్తరం అందింది. ఇలా వరసగా వాక్యాలుంటాయి, అక్కర్లేనివి కొట్టేసి సంతకం చేయాలి. సొంతంగా ఒక్క ముక్క రాసినా కార్డు చించేస్తారని దానిమీదే ఉంది. మోకాలిలోతు బురదలో పాదాలు కుళ్ళి, పేలు కరుస్తూ, ఎలుకల మధ్య నిద్రపోయేవాడు పెన్సిల్ తీసుకుని 'నేను క్షేమం' ఒక్కటీ ఉంచి మిగతావి కొట్టేసేవాడు. భయంగా ఉంది అనే వాక్యం అందులో లేనే లేదు, ఉంచడానికైనా కొట్టేయడానికైనా.

మా నాన్న ఉత్తరాలన్నీ 'ఉభయకుశలోపరి'తో మొదలయ్యేవని పాపకి చెప్పాను. అర్థం అడిగితే, ఇక్కడా అక్కడా అందరం క్షేమం, ఇక విషయానికొస్తే అని చెప్పాను. "ఓ, మీక్కూడా ఆ కార్డు ఉండేదా!" అంది.

అదే యుద్ధంలో బ్రిటిష్‌వాళ్ళ తరఫున ఫ్రాన్సులో పోరాడిన మన భారతీయ సైనికులు సెన్సారుని దాటడానికి ఏం చేశారో కూడా చదివాం. వాళ్ళ ఉత్తరాలు విప్పి, ఇంగ్లీషులోకి మార్చి అధికారులకి పంపేవాళ్ళు. అది తెలిసి కొందరు, నల్ల మిరియాలు అయిపోయాయి, ఇప్పుడు ఎర్రవి వాడుతున్నారు అన్నట్టు ఇళ్ళకి రాసేవారు. నల్లవంటే మనవాళ్ళు, ఎర్రవంటే తెల్లవాళ్ళు. "రెడ్ పెప్పర్ అంటే క్యాప్సికమా?" అంది పాప. మిరపకాయే అయ్యుంటుందమ్మా అన్నాను. ఆ దెబ్బతో నవ్వొచ్చింది, తరవాత నవ్వు రాలేదు. వాళ్ళు నిజం చెప్పడానికి మారుమాటలు వెతుక్కున్నారు. నేను ఏ సెన్సారూ లేకుండానే 'ఆఫీసులో బిజీ' అంటున్నాను.

అయితే అమ్మ మాత్రం తక్కువదా? పోయిన వేసవిలో బాత్రూములో జారిపడి రెండు నెలలు నాకు చెప్పలేదు. పక్కింటి పిన్నిగారు నోరుజారితే తెలిసింది. అప్పుడు నేను అరిచిన అరుపులు పాపకి ఇంకా గుర్తున్నాయి. "నన్ను పరాయివాణ్ణి చేశావు" అన్నానట. అనే ఉంటాను.

పోనీ నిజం చెప్పేస్తే? నా బరువు దించుకుని ఆమె నెత్తిన పెట్టినట్టవుతుందేమో. చెప్పకపోతే, రేపు ఏ హాస్టల్ గదిలోనో ఏడ్చి ముఖం కడుక్కుని, "అంతా బానే ఉంది నాన్నా" అని నవ్వే విద్య మా అమ్మాయికి నేనే నేర్పినవాణ్ణవుతాను. ఏది తక్కువ తప్పో నాకు తేలడం లేదు.

మరుసటి ఆదివారం చెప్పేస్తానని మాటిస్తే పాప వచ్చి పక్కన కూర్చుంది. అమ్మ ముఖం కనపడగానే నా నోట్లోంచి, "ఉద్యోగం మారుతున్నానమ్మా" అని వచ్చింది. పాప నావైపు చూసింది. ఇది కూడా కార్డులో ఉన్న వాక్యమే అన్నట్టు.

"మంచిదే నాన్నా, జీతం పెరుగుతుందా?" అంది అమ్మ.

"చూడాలి. నీ మోకాలు ఎలా ఉంది?"

"శుభ్రంగా ఉంది. పొద్దున గుడిదాకా నడిచివెళ్ళొచ్చాను."

ఆమె వెనకాల, మంచం పక్కన, వాకర్ కాళ్ళు రెండు మెరుస్తున్నాయి. పాప వేలెత్తి చూపించబోయింది. అంతలోనే అమ్మ ఫోను పైకి తిప్పింది. తిరుగుతున్న ఫ్యాను, పెచ్చులూడిన స్లాబు, ఆమె గొంతు. "కరెంటు వచ్చీపోతోందిరా, మీరంతా బావున్నారు కదా?"