తీసుకునేవాళ్ళకి నామోషీ లేకుండా

మా కోనసీమలో గుడి దగ్గర అన్నదానం అంటే పందిరి కింద బంతి వేస్తారు. వచ్చినవాళ్ళంతా కూర్చుంటారు. ఎవరు ఆకలితో వచ్చారో, ఎవరు ప్రసాదమని వచ్చారో పక్కవాడికి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు (1841–1909) వేళ కాని వేళ వచ్చినవాళ్ళకి కూడా పొయ్యి వెలిగించి వండి పెట్టారని ఈనాటికీ చెప్పుకునే ప్రాంతం మాది.

డాలస్ వచ్చాక ఇక్కడి ఫుడ్ ప్యాంట్రీలో (ఇబ్బందుల్లో ఉన్నవాళ్ళకి ఉచితంగా సరుకులిచ్చే చోట) మొదటిసారి వరుస చూసినప్పుడు నాకు తేడా తెలిసింది. ఇక్కడ ఆ వరుసలో నిలబడ్డారంటేనే ఇంట్లో సరుకులు నిండుకున్నాయని అందరికీ తెలిసిపోతుంది. ఇచ్చేవాళ్ళు బల్లకి ఇవతల, తీసుకునేవాళ్ళు అవతల. ఆ బల్ల దగ్గర ఎలా మసలుకోవాలో మా ఇంటిల్లిపాదీ కొన్నేళ్ళుగా నేర్చుకుంటూనే ఉన్నాం.

నేను హెచ్-4 మీద, అంటే భర్త ఉద్యోగ వీసాని బట్టి భార్యకిచ్చే వీసా మీద వచ్చాను. 2015లో కొంతమందికి వర్క్ పర్మిట్ ఇవ్వడం మొదలయ్యేదాకా మాలాంటి భార్యలం జీతానికి ఏ పనీ చేయకూడదు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసి వచ్చినదాన్ని, అపార్ట్‌మెంట్ గోడలు చూస్తూ కూర్చోవడం ఎంత కష్టంగా ఉండేదో ఆ రోజులు గడిపినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మామూలుగా ఎవరికీ జీతం ఇవ్వని సేవా పనికి అడ్డు లేదని తెలిశాక పక్కింటావిడ తనతో ఫుడ్ బ్యాంక్‌కి తీసుకెళ్ళింది. ఈ దేశంలో ఇల్లు దాటి నేను చేసిన మొదటి పని అదే. ఎనిమిదింటికి హాజరు కావడం, హెయిర్‌నెట్ పెట్టుకుని గ్లవ్స్ తొడుక్కోవడం, నా పేరు రాసిన స్టిక్కర్ అతికించుకోవడం, వీటితో మళ్ళీ మనిషినయ్యాననిపించింది.

ఫుడ్ బ్యాంక్ అంటే పెద్ద గోదాము. అక్కడి నుంచి చుట్టుపక్కల చర్చిలు, కమ్యూనిటీ సెంటర్లలో ఉండే ప్యాంట్రీలకి సరుకు వెళ్తుంది. ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళు వచ్చేది ఆ ప్యాంట్రీలకే. ఈ పద్ధతి 1967లో అరిజోనాలోని ఫీనిక్స్‌లో మొదలైంది. జాన్ వాన్ హెంగెల్ అనే ఆయన సెయింట్ మేరీస్ ఫుడ్ బ్యాంక్ పెట్టారు. అమ్ముడుపోక షాపులు పారేసే సరుకుతో పిల్లల్ని సాకుతున్న ఒక తల్లి మాటల్లోంచి ఆయనకి ఆ ఆలోచన వచ్చిందని చెబుతారు. మా వైపు నార్త్ టెక్సస్ ఫుడ్ బ్యాంక్ 1982 నుంచి ఉంది. 2018లో ప్లేనోలో పెద్ద గోదాము కట్టుకున్నాక, ఫ్రిస్కో వైపు ఉండే మన తెలుగువాళ్ళకి కూడా దగ్గరైంది.

గోదాములో పని పైకి తేలిగ్గా కనిపిస్తుంది గానీ బుర్ర పెట్టి చేయాలి. డబ్బా అతుకు మీద సొట్ట ఉంటే పక్కన పెట్టాలి. ఉబ్బిన డబ్బా అయితే మరో మాట లేకుండా పారేయాలి. తేదీ దాటిందని ప్రతిదీ తీసేయకూడదు. కేంద్ర చట్టం తేదీ తప్పనిసరి చేసింది పసిపిల్లల పాలపొడి ఫార్ములాకే. మిగతా చాలావాటి మీద ఉండేది రుచి, నాణ్యత ఎప్పటిదాకా బాగుంటాయన్న అంచనా. మావాడు చిన్నప్పుడు చిరిగిన సీరియల్ ప్యాకెట్ పట్టుకుని ఉంచాలా తీసేయాలా అని నన్నడిగాడు. “మనింట్లో అయితే తింటామా?” అని అడిగాను. పక్కన పడేశాడు. ఇప్పుడు కొత్తగా వచ్చే పిల్లలకి వాడే ఈ మాట చెబుతున్నాడు.

షిఫ్ట్ అయ్యాక మొత్తం ఎన్ని పౌన్లు సర్దామో చెబుతారు. 1.2 పౌన్లకి ఒక పూట భోజనం అని లెక్క. పిల్లలు అక్కడికక్కడే భాగహారం చేసేసి ఎన్ని భోజనాలో అరిచి చెబుతారు. బళ్ళో చూపించుకోవడానికి సర్వీస్ అవర్స్ (సేవ చేసిన గంటలు) కావాలని పిల్లల్ని తీసుకొచ్చే అమ్మానాన్నల్ని చాలామంది విమర్శిస్తారు. నేను విమర్శించను. గంటల కోసమే రానివ్వండి. ఉల్లిపాయల బస్తా ఎత్తేవాళ్ళు ఎందుకోసం ఎత్తినా బస్తా లారీ ఎక్కుతుంది. కొంతమంది గంటలు పూర్తయ్యాక కూడా వస్తారు.

మా పాపని బాగా కదిలించింది మాత్రం వారాంతపు సంచీలు కట్టే పని. బళ్ళో ఉచిత భోజనం మీద ఆధారపడే పిల్లలకి శని, ఆదివారాలు గడవడానికి శుక్రవారం ఇంటికి పంపే సంచీలు అవి. అందులో ఫ్రిజ్ అక్కర్లేని చిన్న పాల డబ్బాలు, పీనట్ బటర్, సీరియల్, పండ్ల కప్పులు ఉంటాయి. డబ్బాలన్నీ రింగు పట్టుకుని లాగితే తెరుచుకునేవే. ఎందుకలా అని పాప అడిగితే అక్కడి సూపర్‌వైజర్ వివరించింది: ఇంట్లో డబ్బా తెరిచే సాధనం ఉండకపోవచ్చు, తెరిచిచ్చే పెద్దవాళ్ళూ ఆ సమయానికి ఉండకపోవచ్చు, ఆరేళ్ళ పిల్ల ఒక్కతే తెరుచుకుని తినగలగాలి. ఆ తర్వాత పాప ప్రతి రింగూ వేలితో కదిపి చూసి మరీ సంచీలో పెట్టింది. దాని క్లాసులోనే అలాంటి సంచీ తీసుకెళ్ళే పిల్ల ఉండొచ్చని దానికి తట్టింది. ఎవరో కనుక్కునే ప్రయత్నం మాత్రం చేయొద్దని చెప్పాను.

డౌన్‌టౌన్‌లో సూప్ కిచెన్లది మరో రకం. అక్కడ వేడివేడి భోజనం, ఎదురుగా మనిషి. డాలస్‌లో స్ట్యూపాట్ లాంటివి 1975 నుంచి ఈ పని చేస్తున్నాయి. మేం వెళ్ళే వంటశాలలో చిన్నపిల్లల్ని వడ్డనకి రానివ్వరు కాబట్టి మా పాప హైస్కూల్‌కి వచ్చాకే వచ్చింది. మా ఆయన గిన్నెలు తోమే దగ్గర ఉంటారు, నేను గరిటె పట్టుకుంటాను. కొసరి కొసరి వడ్డించడం మనకి పుట్టుకతో వచ్చిన అలవాటు. ఇక్కడ అలా కుదరదు. చివర నిలబడ్డవాళ్ళ దాకా గిన్నె రావాలి, అందరికీ అందాకే మారు వడ్డన. అందుకని అన్నం కొసరలేకపోయినా మాట కొసరుతాం. ముఖంలోకి చూసి “గుడ్ మార్నింగ్ సర్, గ్రేవీ కూడా వెయ్యమంటారా?” అని అడుగుతాం. వద్దనే అవకాశం వాళ్ళకి ఉండాలి. ఈ మధ్య చాలా ప్యాంట్రీలు కూడా ముందే కట్టిన పెట్టె చేతిలో పెట్టకుండా, షాపులోలా అరల మధ్య తిరిగి కావాల్సినవి ఎంచుకోనిస్తున్నాయి. అన్నిటికన్నా మంచి మార్పు ఇదే అని నా నమ్మకం.

మన సంఘాల వాళ్ళకి ఒక విన్నపం. బ్యానర్ పట్టుకుని ఫొటో కావాలంటే గోదాములో తీసుకోండి. వరుసలో నిలబడ్డవాళ్ళు వెనకాల కనపడేలా మాత్రం తీయకండి. మన కష్టకాలంలో మనల్ని ఎవరైనా అలా తీసి గ్రూపుల్లో పెడితే ఊళ్ళో అమ్మానాన్నలు చూసి ఏమైపోతారో ఆలోచించండి.

ఇది ఊహకి చెప్పే మాట కాదు. ఆ వరుసలో ఇప్పుడు మనవాళ్ళూ ఉంటున్నారు. ఎమ్మెస్‌కి వచ్చిన పిల్లలకి కాలేజీ నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల పనే దిక్కు, అదీ దొరికితే. అందుకే యూనివర్సిటీల్లోనే ప్యాంట్రీలు పెట్టారు. మనవాళ్ళు ఎంతోమంది చదివే యూటీ డాలస్‌లో కామెట్ కప్‌బోర్డ్ ఉంది. ఉద్యోగం పోయిన హెచ్-1బీ (ఉద్యోగ వీసా) వాళ్ళకి మరో కంపెనీ వెతుక్కోవడానికి మహా అయితే 60 రోజులు. అద్దె కట్టాలి, లాయర్ ఫీజు కట్టాలి. ఆ టెన్షన్‌లో ముందు కోత పడేది వంటింటి ఖర్చు మీదే.

మొన్న ఎండాకాలం మా అత్తయ్య గారు ఇండియా నుంచి వచ్చి ఉన్నప్పుడు ప్యాంట్రీకి తీసుకెళ్ళాం. ఎవరినీ వివరాలు అడగకూడదని, తెలిసినవాళ్ళు కనపడితే వాళ్ళు పలకరించేదాకా మనం పలకరించకూడదని ప్యాంట్రీవాళ్ళు ముందే చెప్పారు. కాసేపటికి ఫోన్‌లో తెలుగు మాట్లాడుకుంటూ ఒక కుర్రాడు వచ్చాడు. మమ్మల్ని చూసి ఫోన్ పెట్టేసి, తల దించుకుని బియ్యం సంచీ తీసుకున్నాడు. మామూలుగా అయితే “ఏ ఊరు బాబూ, ఎవరబ్బాయివి?” అని మొదలుపెట్టే మా అత్తయ్య గారు అవేమీ అడగలేదు.

“కింది అరలో కందిపప్పు కూడా ఉంది బాబూ, కావాలా?” అన్నారంతే.

ఆ అబ్బాయి తలెత్తి చూశాడు. రెండు ప్యాకెట్లు తీసుకుని, “రూమ్‌లో నలుగురం ఉన్నామండీ, రేపు పప్పుచారు పెట్టుకుంటాం” అన్నాడు. చింతపండు లేదే అని ఆవిడ ఇంటికొచ్చేదాకా బాధపడ్డారు. ఆ తర్వాతి వారం నుంచి మేం ఇచ్చే సరుకుల్లో చింతపండు, పసుపు కూడా ఉంటున్నాయి.

మీ పిల్లలతో వెళ్ళాలనుకుంటే థాంక్స్‌గివింగ్, క్రిస్మస్‌ల కోసం ఆగకండి. ఆ రోజులకి స్లాట్లు దొరకవు, వచ్చేవాళ్ళు ఎక్కువైపోతారు. చేతులు కావాల్సింది జూన్, జులైల్లో. బళ్ళు మూసేస్తారు, పిల్లలకి బడి భోజనం ఆగిపోతుంది, వాలంటీర్లేమో సెలవులకి ఊళ్ళు వెళ్ళిపోతారు. వెళ్ళేముందు ఏ వయసు పిల్లల్ని రానిస్తారో వెబ్‌సైట్‌లో చూసుకోండి. కాళ్ళు పూర్తిగా మూసే బూట్లు వేయండి, చెప్పులతో లోపలికి రానివ్వరు. మేం ఈసారి జులై శనివారాలకి ముందే పేర్లు రాయించుకున్నాం. అత్తయ్య గారు మళ్ళీ వస్తున్నారు, ఆవిడ పేరు కూడా రాయించాం.