టైరు కొంటున్నారా? సైజు పక్కనున్న ఆ నంబరు చూడండి

జయపురంలో టైర్ల షాపుకెళ్లి చూడండి, ముందు రేటు అడుగుతారు, తర్వాత ఏ కంపెనీ అంటారు, కాస్త తెలిసినవాళ్లయితే గ్రిప్పు చూస్తారు. సైజు పక్కనుండే రెండంకెల జోలికి మాత్రం ఎవరూ పోరు.

మా ఏడు సీట్ల బండి టైరు మీద బురద తడిగుడ్డతో తుడిస్తే 185/65 ఆర్15 88హెచ్ అని కనిపిస్తుంది. ఆ 88 కిలోలు కాదు, టైరు ఎంత బరువు మోస్తుందో చెప్పే కోడ్, లోడ్ ఇండెక్స్ అంటారు. ఆ ఇండెక్స్ పట్టికలో దానికి ఎదురుగా ఒక్కో టైరుకు 560 కిలోలని ఉంటుంది. హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వరకు తట్టుకుంటుందని (సుంకి ఘాట్‌లో ఆ స్పీడు ఎవడికి కావాలి లెండి).

షాపతను 175/65 ఆర్15 84 చూపించి "ఇదీ అదే రిమ్ముకి కూర్చుంటుంది సార్, రేటు కలిసొస్తుంది" అన్నాడు. కూర్చునే మాట నిజమే, కానీ 84 అంటే 500 కిలోలే. టైరుకు 60 చొప్పున నాలుగింటికి 240 కిలోలు పోయినట్టు. సాలూరులో పెళ్లంటే మా బండిలో సీట్లన్నీ నిండిపోయి, వెనక బియ్యం బస్తా, పైన క్యారియర్ మీద పెట్టెలు కూడా ఎక్కుతాయి. పోనీ 560 నాలుగింతలు 2,240 కదా, బోలెడుందిలే అనుకోవడానికీ లేదు, ఎందుకంటే బరువు నాలుగు చక్రాల మీదా సమానంగా పడదు. జనం నిండితే వెనక టైర్లు నలుగుతాయి, ఘాట్ దిగుతూ బ్రేకు తొక్కితే భారం ముందు టైర్ల మీదికి వచ్చిపడుతుంది.

ఆ 560 కూడా గాలి సరిగ్గా ఉంటేనే. గాలి తగ్గితే చక్రం తిరిగిన ప్రతిసారీ టైరు పక్కలు ఎక్కువగా వంగి వేడెక్కుతాయి, ఎండల్లో నిండు బండి టైరు పేలిందంటే చాలాసార్లు కారణం ఇదే. డ్రైవర్ తలుపు తీస్తే అక్కడ స్టిక్కర్ ఉంటుంది, ఫుల్ లోడుకు ఎంత గాలో చాలా బళ్లలో విడిగా రాసుంటుంది. టైరు చల్లగా ఉన్నప్పుడే కొట్టించండి.

మా సైజులోనే 92 ఎక్స్ఎల్ (ఎక్స్‌ట్రా లోడ్, అంటే ఎక్కువ బరువుకు చేసిన టైరు) కూడా వస్తుంది, 630 కిలోలు. వేసుకోవచ్చు, కానీ దాంతో బండి ఎక్కువ మోస్తుందని మాత్రం కాదు, స్ప్రింగులూ బ్రేకులూ పాతవే కదా. పైగా ఆ బరువుకు తగ్గట్టు గాలీ ఎక్కువ కావాలి.

నేను 88 కంటే కిందికి దిగనన్నాను. స్టాక్ లేదంటే తెప్పించమన్నాను. వచ్చాక బిగించకముందే తయారీ తేదీ కూడా చూశాను: టైరు పక్కన డాట్ (DOT) అని మొదలయ్యే కోడ్‌లో చివరి నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం.