అరికాలి మచ్చ, గోటి కింద నల్లగీత

పుట్టుమచ్చ కాస్త పెద్దగా, అంచు వంకరగా ఉన్నంత మాత్రాన క్యాన్సర్ కాదు. డిస్‌ప్లాస్టిక్ మచ్చలు (కణాలు కాస్త తేడాగా ఉన్నా క్యాన్సర్ కానివి) అలాగే ఉంటాయి: 5 మి.మీ. దాటి, ఆమ్లెట్ వేయకముందు పెనం మీద గుడ్డులా మధ్యలో ఉబ్బి, చుట్టూ పలచగా. ఒంటి మీద అలాంటివే ఇంకొన్ని ఉంటే ఆ ఒక్క మచ్చ గురించి కంగారు తక్కువ. ఒక్కటే వేరుగా ఉన్నా, నెలల వ్యవధిలో మారుతున్నా అనుమానించాలి. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి ఉంచుకోండి, కంటి గుర్తును నమ్మలేం.

మన రంగు చర్మానికి మెలనోమా (రంగు కణాల్లో పుట్టే చర్మ క్యాన్సర్) అరుదే. వస్తే మాత్రం ఎక్కువగా ఎండ తగలని చోటే: అరికాలు, అరచేయి, గోటి కింద. జమైకా గాయకుడు బాబ్ మార్లేకి కాలి బొటనవేలి గోటి కిందే మొదలైంది, 1981లో చనిపోయాడు. అరికాలిని డెర్మోస్కోపుతో (చర్మాన్ని పెద్దదిగా చూపే భూతద్దం లాంటి పరికరం) చూస్తే వేలిముద్రలాంటి గీతలు కనిపిస్తాయి. రంగు గాడుల్లో ఉంటే సాధారణంగా మామూలు మచ్చే. గట్ల మీద పరుచుకుంటే బయాప్సీ తప్పదు.

గోటి కింద నలుపు దెబ్బకు గడ్డకట్టిన రక్తమైతే గోరుతోపాటు ముందుకు జరుగుతుంది. కాలిగోరు నెలకు సుమారు 1.5 మి.మీ. పెరుగుతుంది కాబట్టి రెండు మూడు నెలల్లో గోటి మొదలు దగ్గర తేట గోరు రావాలి. రాకుండా, గీత వెడల్పవుతూ రంగు పక్క చర్మంలోకి పాకితే వెంటనే డెర్మటాలజిస్టుకు చూపించాలి. చాలా గోళ్లకు సన్నగీతలుండటం మనలో మామూలే.

సున్నం పెట్టి కాల్చడం, పార్లర్లో లేజర్ వద్దే వద్దు. పరీక్షకు ముక్క మిగలదు, క్యాన్సరైతే చర్మంలో ఎంత లోతుకు దిగిందో తెలియదు. చికిత్స చాలావరకు ఆ లోతును బట్టే. వీలైతే చుట్టూ 1–3 మి.మీ. మంచి చర్మంతో మచ్చ మొత్తం తీసి పాథాలజీకి పంపాలి.