అటక ఖాళీ చేసిన రోజు

శనివారం. పొద్దున్నే పిన్ని వచ్చింది, అమ్మ ఇంట్లో అటక మీది సామాన్లు దించడానికి సాయంగా. వచ్చే నెల నుంచి ఆ ఇల్లు అద్దెకివ్వాలి. ఈలోపే అన్నీ తీసేయాలని తమ్ముడు ఫోన్ మీద ఫోన్. నిచ్చెన పట్టుకోవడానికి మా అబ్బాయి ఉన్నాడు. దుమ్ము, బొద్దింకలు, చిరిగిన చాపలు ఎక్కడైనా ఉండేవే. నేను రాయాలనుకున్నది గిన్నెల గురించి.

స్టీలు డేగిసాలు, ఇత్తడి బిందెలు, మరచెంబులు, కంచాలు, క్యారియర్లు, ఇద్దరు పడితే గానీ లేవని ఒక గంగాళం. అన్నిటినీ పాత చీర ముక్కల్లో చుట్టి మూటలు కట్టింది అమ్మ. కొన్నిటికి షాపువాళ్లు అంటించిన కాగితం కూడా ఊడలేదు. ప్రతిదాని మీదా పేరు కొట్టించింది. తన పేరు, ఇంటిపేరు మొదటి అక్షరం, కొన్న ఏడాది. 1984, 1987, 1991. నా పెళ్లికి కొన్ని ఇచ్చింది. మిగిలినవి ‘ఎప్పుడైనా పనికొస్తాయి’ అని పైకెక్కించింది. ఆ ‘ఎప్పుడైనా’ రాకుండానే అమ్మ వెళ్లిపోయింది.

అమ్మ పిసినారి మనిషి కాదు. ఇది గట్టిగా చెప్పాలి. పుట్టింది డోర్నకల్ వైపు ఒక పల్లెలో. 1912లో అక్కడ బిషప్ అయిన అజరయ్య గారి గురించి, తను చూడకపోయినా, చూసినట్టే చెప్పేది. అవన్నీ అమ్మమ్మ నోటి మాటలు. కూలి చేసుకు బతికే పేదలే నిండిన క్రైస్తవ సంఘాలు బయటి డబ్బు కోసం చూడకుండా తమ కాళ్ల మీద తాము నిలబడాలని ఆయన పట్టుదల. డబ్బు లేకపోతే ధాన్యం, ధాన్యం లేకపోతే గుడ్డు, గుమ్మడికాయ. అమ్మ కూడా ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి ఒక డబ్బాలో వేసేది. ఆదివారం ఆ డబ్బా గుడికి వెళ్లేది. ఇంట్లో బియ్యం నిండుకున్న రోజుల్లోనూ పిడికెడు తగ్గలేదు. మిజోరంలో 1910 నుంచి సంఘాలు ఈ పిడికెడు బియ్యం మీదే ఎన్నో పనులు నడుపుతున్నాయని తర్వాత ఎప్పుడో చదివి, అమ్మకు చెబితే ఎంత సంతోషపడిందో.

అలాంటి అమ్మే ఈ అటక నింపింది. ఈ రోజంతా నా మనసు అక్కడే తిరిగింది. ప్రతి పూటా తెరుచుకున్న చెయ్యి అటక దగ్గరికొచ్చేసరికి ఎందుకు మూసుకుపోయింది? నాకు తోచింది ఒక్కటే. తినే బియ్యానికి దేవుణ్ణి నమ్మడం అమ్మ చిన్నప్పుడే నేర్చుకుంది. కూతురి పెళ్లి, అల్లుడి ముందు పరువు, నలుగురి మాట, వీటికి మాత్రం ఆ నమ్మకం చాల్లేదు. వాళ్ల అమ్మకు పెళ్లిలో అప్పు తెచ్చిన గిన్నెలు పెట్టారట. ఆ అవమానం ఈ మూటల్లో ఉంది. తప్పు పట్టలేను. జాలిగా ఉంది.

బైబిల్లో అపొస్తలుడు పౌలు సంతృప్తి గురించి ఫిలిప్పీ సంఘానికి రాసింది జైల్లో నుంచి. కలిమిలోనూ లేమిలోనూ ఎలా ఉండాలో నేర్చుకున్నానన్నాడు. పుట్టుకతో వచ్చిందనలేదు. ఆ నాలుగో అధ్యాయంలోనే, ఎపఫ్రొదితు అనే మనిషి చేత వాళ్లు పంపిన సాయం అందిందని కృతజ్ఞతలు కూడా ఉన్నాయి. ఫిలిప్పీ ఉన్నది మాసిదోనియలో. ఆ మాసిదోనియ సంఘాలే కటిక పేదరికంలో ఉండి, మాకూ ఇచ్చే భాగ్యం కలిగించమని బతిమాలాయని కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో ఉంది. మిగిలినది ఇచ్చినవాళ్లు కారు వాళ్లు. తృప్తి ఉంటే ఇవ్వడానికి మిగులు కోసం చూడక్కర్లేదు.

వస్తువుల కన్నా పాత రోజులు వదలడం కష్టం. మధ్యాహ్నం అన్నాలు తింటూ పిన్ని, ‘ఆ రోజులే వేరు, అందరం ఎంత సంతోషంగా ఉండేవాళ్లమో’ అంది. బైబిల్ సంఖ్యాకాండంలో ఇశ్రాయేలీయులు గుర్తొచ్చారు. రోజూ ఆకాశం నుంచి మన్నా అనే ఆహారం కురుస్తుంటే, ఐగుప్తులో (ఈజిప్టులో) ఉచితంగా తిన్న చేపలు, దోసకాయలు, ఉల్లిపాయలు కావాలని ఏడ్చారు. ఉచితమట! వెట్టిచాకిరీ చేస్తూ తిన్న తిండి అది. దెబ్బలు మరిచిపోయి ఉల్లిపాయలు గుర్తుపెట్టుకున్నారు. పిన్నితో ఇదంతా అనలేదు, ముద్ద మింగుతున్న మనిషిని బాధపెట్టడం ఎందుకని. కానీ ఆ రోజుల్లో తాతయ్య తాగి వచ్చిన రాత్రుళ్ల గురించి పిన్నే నాకు చెప్పింది.

సాయంత్రం మా సంఘంలో కొత్తగా కాపురం పెట్టిన అమ్మాయిని పిలిచాను. భర్త సెంట్రింగ్ పనికి వెళతాడు. ఉన్నది ఒక్క గది, రెండు గిన్నెలు. ‘పేరు కొట్టించినవి బయటివాళ్లకిస్తావేమే, అక్క ఆత్మ క్షోభిస్తుంది’ అని పిన్ని వంటింట్లోకి లాగి మరీ అంది. ‘అమ్మ ప్రభువు దగ్గరుంది పిన్నీ, అక్కడ ఆమెకు డేగిసాలతో పనేముంది’ అన్నాను. అమ్మ రోజూ పాలు కాచిన గిన్నె మాత్రం నేను ఉంచుకున్నాను. అందులో రోజూ పాలు కాస్తాను. వాడే వస్తువు మీద మమకారం తప్పనిపించలేదు.

ఆ అమ్మాయి ఒక్కోటీ తిప్పి చూసి, భయం భయంగా, ‘అక్కా, ఈ పేరు చెరిపించుకోవచ్చా?’ అని అడిగింది. గుండె ఒక్క క్షణం గట్టిగా కొట్టుకుంది. పేరు ఉండాలని షరతు పెడితే అది ఇచ్చినట్టు కాదు, దాచమని అప్పజెప్పినట్టే. ‘ఇప్పుడవి నీవి. చెరిపించుకో, నీ పేరు వేయించుకో, అవసరమైతే అమ్ముకో’ అన్నాను. అమ్ముకో అన్నందుకు పిన్ని చాలాసేపు నాతో మాట్లాడలేదు.

గంగాళం మాత్రం ఆ అమ్మాయి వద్దంది, గదిలో పట్టదని. సంఘమంతా కలిసి తినే ప్రేమ విందుకి గుడివాళ్లు ప్రతిసారీ వంటసామాను అద్దెకి తెస్తున్నారు. రేపు ఆరాధన అయ్యాక పాస్టర్ గారిని అడుగుతానన్నాను. ‘ఇలా చిలుముతోనా పంపేది, ఉండు’ అని పిన్ని చింతపండు నానబెట్టింది.