వంద యెన్ల నునుపు

శనివారం. పొద్దుటినుంచీ ముసురే, ఉతికిన బట్టలు ఆరలేదు. వీసా రెన్యువల్‌కి ఫొటో కావాలి కదా అని టోక్యోలో ఉయెనో స్టేషన్ దగ్గర ఫొటో బూత్‌లో దూరాను. చర్మం నునుపుగా, తేటగా రావాలంటే ఇంకో వంద యెన్లు వెయ్యమంది స్క్రీన్. కాసేపు ఆలోచించాను.

ఎలాగూ అక్కడిదాకా వెళ్ళాను కాబట్టి నేషనల్ మ్యూజియంకి నడిచాను. ఉకియో-ఎ, అంటే పాతకాలపు జపాన్ చెక్క అచ్చు చిత్రాల గదిలో బొమ్మలు తరచూ మారుస్తుంటారు, వెలుతురుకి రంగులు వెలిసిపోతాయని. ఇవాళ నాటకాల నటుల్ని గీసిన షరాకు వంతు కాదు. ఉసూరుమంటూ షాపులో ఒక పోస్ట్‌కార్డు కొనుక్కొచ్చాను. షరాకు గీసిందే, ఎడోబెయి అనే దుర్మార్గపు నౌకరు వేషంలో ఒతాని ఒనిజి అనే పేరున్న మూడో నటుడు.

ఇప్పుడది ఫ్రిజ్ మీదుంది. 1794లో, టోక్యో ఇంకా ఎడోగా ఉన్నప్పుడు, కవరజకి-జ నాటకశాలలో వేసిన వేషం. ఇంకో నౌకరు దగ్గరున్న డబ్బు కొట్టేయడానికి మీదపడబోతున్నాడు. చూపంతా ముక్కు దగ్గరికి చేరింది, పెదాలు బిగుసుకున్నాయి. చేతులే విచిత్రం! బట్టల్లోంచి పొడుచుకొచ్చాయి, అంత మొహానికి మరీ చిన్నవి. గీయడం రాక కాదనుకుంటాను. ఆ మొహం గీసినవాడికి చేతులొక లెక్కా? ఎడోబెయి ఆత్రమంతా ఆ వేళ్ళలోనే ఉంది. వెనకాల ముదురు రంగు మీద అభ్రకం పొడి అద్దుతారు, తల కాస్త పక్కకి వంచి చూస్తే తళుక్కుమంటుంది. కార్డులో ఆ తళుకు లేదు.

1629లో ఆడవాళ్ళని కబుకి అనే ఈ నాటకాల వేదిక ఎక్కొద్దన్నారు. తర్వాత ఆడవేషాలూ మగవాళ్ళవే. మిగతా చిత్రకారులు వాళ్ళని అందగత్తెల్లా దిద్దేవాళ్ళు. షరాకు మాత్రం ఆడవేషం వేసిన రెండో సెగవ తొమిసబురోకి తెల్లపూత వేసి, కిందున్న ఎముకల మొహాన్ని అలాగే వదిలేశాడు. అభిమానులు డబ్బిచ్చి కొనుక్కోవాల్సిన బొమ్మ అది! మన హీరో పోస్టర్‌లో గడ్డం కింద ఇంకో గడ్డం గీస్తే ఊరుకుంటామా?

పది నెలల్లో 140కి పైగా బొమ్మలు, అన్నీ త్సుతయ జూజబురో అచ్చువేసినవే. ఆ తర్వాత మనిషి జాడే లేదు. మరీ ఉన్నదున్నట్టు గీయబోయాడు, అందుకే ఎక్కువ కాలం నిలవలేదని ఆ కాలానికి దగ్గరివాళ్ళే రాసిపెట్టారు.

అన్నట్టు, ఆ వంద యెన్లూ వేసేశాను. కళ్ళ కింద నలుపు మాయం. అమ్మకి పంపితే, "సంబంధాలవాళ్ళకి ఇదే పంపుదాంరా" అంది.